ఎడమకు లాగే కారు

తమ్ముడు ఆ కారు కొన్నానని చెప్పిన రోజు అమ్మ తింటున్న కంచం ముందు నుంచి లేచిపోయింది. మా పటేల్‌గూడలో దాని కథ తెలియని పాత ఇల్లు లేదు. మేం చిన్నపిల్లలుగా ఉన్నప్పుడు ఇక్కడి పెద్ద ఫ్యాక్టరీలో పనిచేసే ఒక ఇంజనీరు, మామూలు పాత కారు చాసిస్, అంటే అడుగు చట్రం, తీసుకొని, దాని మీద రేకును సొంతంగా సాగగొట్టి, రెండు సీట్ల స్పోర్ట్స్ కారు కట్టుకున్నాడు. అలాంటిది ఇంకొకటి ఎక్కడా లేదు. కట్టిన కొన్నాళ్లకే సంగారెడ్డి వెళ్లే పాత రోడ్డులో, కల్వర్టు మలుపు దగ్గర, ఆ కారులోనే ప్రాణం పోగొట్టుకున్నాడు. అప్పటి నుంచి అది 'అచ్చిరాని బండి'. చేతులు మారింది గాని రోడ్డెక్కలేదు. చివరికి ఒకరి షెడ్డులో కోళ్లు గుడ్లు పెట్టుకునే చోటైంది.

తమ్ముడు పటాన్‌చెరులో ఒక ఫ్యాక్టరీ టూల్‌రూమ్‌లో ఉద్యోగి. కిష్టారెడ్డిపేటలో ఒక షట్టర్ గది కిరాయికి తీసుకొని, ఏళ్ల తరబడి తన సెలవులన్నీ ఆ కారుకే ఖర్చు చేశాడు. కోళ్ల రెట్టలు గీకాడు, తుప్పు గీకాడు, కల్వర్టుకు తగిలి నలిగిన మూతిని మళ్లీ మొదటి ఆకారానికి తెచ్చాడు. ముదురాకుపచ్చ రంగు వేసి బయట నిలబెట్టినప్పుడు దారిన పోయే ఆటోవాళ్లు ఆగి చూశారు.

నేను హేతువాదిని. మా నాన్న సంస్కరణ సభల్లో వాదించే మనిషి. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని వాదం నేర్పాడు. 'అచ్చిరాలేదు' అన్న మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఇనుముకు పగ ఉండదు. మనిషి చచ్చిపోయిన కారును వెలివేసే బుద్ధీ, మొగుడు పోయిన ఆడదాన్ని పెళ్లిపందిట్లోకి రానివ్వని బుద్ధీ ఒకటే అని అమ్మతో గట్టిగానే అన్నాను. అమ్మ తమ్ముడి వైపు తిరిగింది. 

"నిమ్మకాయ, మిరపకాయలన్న కడ్తవా లేదా బిడ్డా?" అని మాత్రం వాణ్ని అడిగింది.

"అమ్మా, గా కారు మూతికి నిమ్మకాయ కడితే పాత కార్లోళ్లు నన్ను జూసి నవ్విపోతరే," అన్నాడు వాడు.

ఆ మాట నాకు నచ్చింది. వాడు నాలాగే ఆలోచిస్తున్నాడనుకున్నాను. అప్పటికి నాకు పాత కార్లవాళ్ల సంగతి తెలియదు.

మొదటిసారి నన్ను ఎక్కించుకున్నది అమీన్‌పూర్ చెరువు దాకా. ఆ ఉదయం పాత కార్ల ప్రియులు పదిమంది దాకా కారును చూడడానికి అక్కడికి వస్తున్నారు. వచ్చే ఆదివారం వాళ్లందరూ పాత రోడ్డు మీదుగా సంగారెడ్డికి వరసగా కార్లు నడుపుకుంటూ వెళ్తారు. ఈ కారు ముందు నడవాలి. దారిలో ఒక గేదె అడ్డం వచ్చింది. తమ్ముడు బ్రేకు తొక్కాడు. కారు ఆగింది గాని, ఆగేముందు ఎవరో ముక్కుతాడు పట్టి గుంజినట్టు ఎడమ పక్కకు తిరిగింది. నా భుజం తలుపుకు కొట్టుకుంది.

"ఏందిరా ఇది?"

"గట్లనే ఉంటదక్కా. పాత బండి. స్టీరింగ్ జెర గట్టిగ పట్టుకుంటే సరిపోతది."

సరిపోతుందేమో. కానీ చెరువు గట్టు దాకా నేను తలుపు పిడి వదల్లేదు. 

అక్కడ అభిప్రాయాల వాన కురిసింది. ఈ రంగు అసలు రంగుకు ఒక పిసరు ముదురని ఒకాయన, కాదు ఎండలో అట్లా కనిపిస్తుందని ఇంకొకాయన. దీపాల చుట్టూ ఉన్న వెండి పట్టీకి ఇంత మెరుగు పెట్టకూడదట. సీటు కుట్టు వెడల్పుగా ఉందట. అపార్టుమెంటు నుంచి వచ్చిన ఒక సాఫ్ట్‌వేర్ కుర్రాడు నేల మీద పడుకుని సైలెన్సర్‌కు చెవి ఆనించి, "బ్రో, ఈ సౌండ్‌కి నా ఇ.ఎం.ఐ. కారు ఇచ్చేస్తా, తీసుకో," అన్నాడు. అందరూ నవ్వారు.

వాళ్లలో పెద్దాయన ఒకరున్నారు. కోస్తా నుంచి ఫ్యాక్టరీ ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడిన రిటైర్డ్ ఆఫీసరు, చనిపోయిన ఇంజనీరుకు ప్రాణస్నేహితుడు. ఆయన మాటకు ఆ గుంపులో ఎదురు లేదు. కారు చుట్టూ నెమ్మదిగా తిరిగి, మోకాళ్ల మీద కూర్చుని, ముందు చక్రాల వెనక్కి తొంగి చూశారు. స్టీరింగ్ నుంచి చక్రానికి వెళ్లే ఇనుప రాడ్డు అక్కడ ఉంది. దాన్ని వేలితో తాకారు.

"ఇది వాడు చేసిందేనయ్యా. మార్చలేదు కదా?"

"లేదు సార్. వంగింది సాపు చేసి మళ్ల అదే బిగించిన."

"శభాష్. కారును స్పోర్ట్స్ కారులా కిందికి దించాలని స్ప్రింగులు కోసి, ఈ రాడ్డు తనే చేసుకున్నాడు. వాడి చెయ్యి పడింది ఏదీ ముట్టుకోకూడదు. మార్చిన రోజు ఇది వాడి కారు కాదు."

అందరూ తలలూపారు. ఆ తల ఊపడం నేను ఎక్కడో చూశాను. పెద్దలు చెప్పింది మార్చరాదని మా నాన్నతో వాదానికి దిగినవాళ్లు అచ్చం ఇలాగే ఊపేవారు.

"ఒక్క మాట అడగొచ్చా?" అన్నాను. "ఆయన ఎట్లా పోయారు?"

 తమ్ముడు నా చెయ్యి గిల్లాడు. అయినా జవాబులు వచ్చాయి, అవీ అభిప్రాయాలే. ఆ రోజు అమావాస్య, బ్రేకు వేసినా బండి ఎడమ పక్క కల్వర్టులోకి పోయిందని ఒకరన్నారు. వేగంగా పోయి, మలుపులో బ్రేకు తొక్కి ఎడమకు దిగిపోయాడని ఒకరు. కుక్క అడ్డం వచ్చి బ్రేకు కొడితే ఎడమనున్న కల్వర్టులోకి పోయిందని ఒకరు. పెద్దాయన తల అడ్డంగా ఊపి, "వర్షం పడి రోడ్డు జారిందమ్మా. లారీ ఎదురైంది, ఆపబోయాడు, బండి ఎడమకు పోయింది. వాడి రాత," అన్నారు.

నాన్న నాకు ఒక పద్ధతి చెప్పేవాడు. సాక్షులు కొట్టుకునే చోట నిజం వెతక్కు, తమకు తెలియకుండానే ఒప్పుకున్న చోట వెతుకు. కుక్కో, లారీయో, వానో, అమావాస్యో, కల్వర్టు మాత్రం అందరి కథలోనూ రోడ్డుకు ఎడమ పక్కనే ఉంది. బ్రేకు అందరి కథలోనూ ఉంది.

"ఇందాక గేదె అడ్డం వస్తే మా వాడు బ్రేకు వేశాడు," అన్నాను. "బండి ఎడమకే పోయింది."

సాఫ్ట్‌వేర్ కుర్రాడు నవ్వాడు. "ఆంటీ, దాన్నే క్యారెక్టర్ అంటారు. పాత కార్లన్నిటికీ ఒక్కో క్యారెక్టర్ ఉంటది."

"చంపేదాన్ని కూడా క్యారెక్టరే అంటారా నాయనా?"

వాడు ఎర్రబడ్డాడు. పెద్దాయన నా వంక కాక తమ్ముడి వంక చూసి, "మీ అక్కగారికి కార్ల మీద ఆసక్తి లేదనుకుంటాను," అన్నారు.  అప్పుడర్థమైంది నాకు. బండికి పగ ఉందనే అమ్మ ఒక వైపు, బండికి తప్పుండదనే ఈ పెద్దమనుషులు ఒక వైపు. మధ్యలో నా తమ్ముడు. ఆ రెండు పక్షాలూ తప్పు వెతకడానికి కారు కిందికి దూరి చూడవు. వచ్చే ఆదివారం వాడు అదే రోడ్డు మీద, అదే మలుపులో బ్రేకు వేస్తాడు.

ఇంటికి వచ్చాక కూడా ఊరుకోలేదు నేను. "నీకు లైనులో ముందు పోవడమే ముఖ్యమైతే పో," అన్నాను. "ఒక్కసారి పరీక్ష పెట్టి పో."

"నువ్వు గిట్ల పరేషాన్ చేస్తే ఎట్లక్కా? ఆ పెద్దసారు ఏమనుకుంటడు?"

"ఆయన్ని కూడా పిలువు."

పిలిచాడు. ఆయన వస్తారని నేను అనుకోలేదు. కిష్టారెడ్డిపేటలో రోడ్లు వేసి ఇళ్లు ఇంకా కట్టని లేఅవుటు ఒకటుంది. సాయంత్రం ఆ ఖాళీ రోడ్డు మీద సుద్దతో గీత గీశాం. సాఫ్ట్‌వేర్ కుర్రాడు కూడా వచ్చాడు, తమాషా చూడ్డానికి. తమ్ముడు గీత వెంబడి వచ్చి బ్రేకు తొక్కాడు. కారు గీత వదిలి ఎడమకు పోయింది. టైర్లలో గాలి తేడా అన్నారు పెద్దాయన. గాలి సరిచూశాం. ఎడమకే. బ్రేకు ఒక పక్కే పడుతోందేమో అన్నారు. జాకీతో ఎత్తి చూస్తే రెండు పక్కలా సమంగానే పట్టుకుంటోంది. టైర్లు ఇటువి అటు మార్చాం. ఎడమకే. ప్రతిసారీ కొంచెం ఎక్కువ వేగంతో, ప్రతిసారీ దుమ్ములో వాడి తల నాకు కనపడకుండా పోయి మళ్లీ కనపడేది.  పరీక్ష పెట్టమన్నది నేనే. కానీ పెట్టమనడం వేరు, నిలబడి చూడడం వేరు.

చివరికి తమ్ముడే దిగి, కారు మూతి మీద చెయ్యి పెట్టి ఒకసారి నొక్కాడు. తర్వాత, "బ్రేకేస్తే మూతి కిందికి వంగుతది కదా," అన్నాడు. "నిలబడ్డ బండిని వంచి చూద్దాం. అక్కా, నువ్వు స్టీరింగ్ కదలకుండ పట్టుకో."

వాళ్లిద్దరినీ మూతి మీద బరువు వేయమన్నాడు. వేలిముద్ర పడుతుందని రంగును రుమాలుతో తప్ప ముట్టని మనుషులు. కుర్రాడు జంకుతూ చేతులు ఆనించాడు. పెద్దాయన కళ్లజోడు జేబులో పెట్టుకుని వంగి, ఒళ్లంతా ఆనించారు. కారు మూతి కిందికి దిగింది. స్టీరింగ్ నా చేతుల్లో రాయిలా ఉంది. "సూడండి! చక్రాలు సూడండి!" అని కింద కూర్చున్న తమ్ముడు కేక పెట్టాడు.

ముందు చక్రాలు రెండూ, ఎవరూ తిప్పకుండానే, ఎడమకు తిరిగాయి. బరువు తీస్తే తిన్నగా వచ్చాయి. మళ్లీ వేస్తే మళ్లీ తిరిగాయి.

స్ప్రింగులు కోసి కారును కిందికి దించినప్పుడు, పొట్టిగా చేసిన ఆ రాడ్డు ఏటవాలుగా పడింది. మూతి వంగినప్పుడల్లా అది చక్రాన్ని నెడుతుంది. నెమ్మదిగా పోతున్నప్పుడు తెలియదు. గట్టిగా బ్రేకు వేసిన రోజు తెలుస్తుంది. అమావాస్యకూ, రాతకూ అక్కడ పనేం లేదు.

వాదంలో గెలిచినప్పుడు నాకు ఒంట్లో ఒక వేడి పుడుతుంది. ఆ సాయంత్రం పుట్టలేదు. పెద్దాయన ఇంకా కారు మూతి మీదే చేతులానించి ఉన్నారు, బరువు తీయడం మరచిపోయి.

"రాడ్డు పొట్టిగా చేయమన్నది నేనే," అన్నారు, ఎవరితోనో అన్నట్టు. తర్వాత నిలబడి కళ్లజోడు పెట్టుకుని, "మార్చెయ్యి బాబూ," అన్నారు తమ్ముడితో.

తమ్ముడు మార్చాడు. చక్రం పక్కన రాడ్డు బిగించే చోటు కిందికి దించి, అది పడుకున్నట్టు సమంగా ఉండేలా కొత్త ముక్క గట్టి ఉక్కుతో చేయించాడు. అతుకు విరగొచ్చని వెల్డింగు వద్దన్నాడు. మళ్లీ మూతి వంచి చూశాం, చక్రాలు కదల్లేదు. లేఅవుటులో గీత మీద ఆగింది. ఆ సంగతి పాత కార్ల గుంపుకు తెలిసి మళ్లీ అభిప్రాయాలు వచ్చిపడ్డాయి. ఇంత కష్టపడి చివరికి పాడు చేశాడని కొందరు, ఇక దాని విలువ సగమే అని కొందరు. ముందు నడవాల్సిన కారు వరసలో చివరికి వెళ్లింది.

ఆదివారం పక్క సీట్లో నేను కూర్చున్నాను. నా లెక్క మీద నాకు నమ్మకం ఉంటే నా ఒళ్లు అక్కడ పెట్టాలి కదా. అమ్మ గుమ్మంలో నిలబడింది. చేతులు కొంగుకు తుడుచుకుంటూ చూసింది.

పాత రోడ్డు మీద ముందు కార్ల దుమ్ము తింటూ పోతున్నాం. కల్వర్టు దూరం నుంచే కనిపించింది, చిన్నది, సున్నం వేసి. నా వైపు లేని బ్రేకును నా కాలు తొక్కుతోంది. అంతలో ముందు కారు ఎందుకో చటుక్కున ఆగింది. తమ్ముడు బ్రేకు తొక్కాడు. మూతి వంగింది. కారు తిన్నగా, గీత గీసినట్టు నెమ్మదిస్తోంది. తిన్నగా! ఆ మాట నోట్లోకి రాబోతుండగా వాడి సీటు కింద నుంచి ఏదో పచ్చగా దొర్లుతూ వచ్చింది.

నిమ్మకాయ. పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి ఉంది. వాడి కాళ్ల మధ్య నుంచి దొర్లి, బ్రేకు పెడల్ కిందికి పోతోంది. పెడల్ ఇంకా కిందికి దిగాలి. నేను సీట్లోంచి వంగి, వాడి కాలి పక్కన చెయ్యి దూర్చి దాన్ని లాగాను. నా వేళ్ల మీదికి పెడల్ దిగింది. కారు ఆగింది, ముందు కారుకు జానెడు దూరంలో.

"ఏం చేస్తున్నవే?" అని అరిచాడు. నేను పిడికిలి తెరిచాను. వాడు నిమ్మకాయను చూశాడు, పెడల్‌ను చూశాడు. 

సంగారెడ్డిలో దిగగానే అభిప్రాయాలవాళ్లు చుట్టుముట్టారు. నా వేళ్లు వాచాయి. పెద్దాయన ఒక్కరే దగ్గరికి వచ్చి, "తిన్నగా ఆగిందా అమ్మా?" అని అడిగారు. ఆగిందన్నాను. ఆయన కల్వర్టు ఉన్న దిక్కుకు తిరిగారు.

ఇంటికి వచ్చాక నిమ్మకాయ అమ్మ ముందు పెట్టి, అది ఎక్కడికి దొర్లిందో చెప్పాను. ఒక్క మాట కూడా దాచలేదు. అమ్మ నా వాచిన వేళ్లు తన ఒళ్లోకి తీసుకుంది.  ఇవాళైనా అర్థమైందనుకున్నాను.

"నాదే తప్పు," అంది. "దొర్లకుండ దారంతోని కట్టాల్సింది."

తమ్ముడు నవ్వాపుకోలేక వంటింట్లోకి పోయాడు. నేను వాదించలేదు. కానీ ఇప్పుడు వాడు కారు తీసినప్పుడల్లా, వాడి కంటే ముందు వెళ్లి, సీటు కింద చెయ్యి పెట్టి తడుముతాను.