నాలుగు తాయెత్తుల కంప్యూటర్

గార్ల స్టేషన్ రోడ్డులో గుగులోత్ ప్రేమ్‌సింగ్‌కు కంప్యూటర్ రిపేరు దుకాణం ఉంది. అక్కడికి మిషిన్ పట్టుకుపోయేవాళ్లు తిట్లు తినడానికి కూడా సిద్ధపడి పోవాలి. రిపేరు ఒక రోజు ఆలస్యం కావచ్చు గానీ తిట్లు మాత్రం అప్పటికప్పుడే. తెలుగు పంతులుగా రిటైరైన తర్వాత నేను మధ్యాహ్నాలు ఆ దుకాణంలోనే పేపరు చదువుకుంటున్నాను. ఇంట్లో నన్ను తిట్టేవాళ్లకు కాస్త విశ్రాంతినిద్దామని మొదలుపెట్టాను, అదే అలవాటైపోయింది.

ప్రేమ్‌సింగ్‌ది గార్లకు ఆరు కిలోమీటర్ల దూరంలోని తండా. పదో తరగతి తప్పి హైదరాబాదు పోయి, ఒక రిపేరు దుకాణంలో ఊడ్చే పనికి కుదిరి, ఊడుస్తూనే పని నేర్చాడు. పన్నెండేళ్ల కింద తిరిగొచ్చి ఈ షట్టరు తెరిచాడు. బడిలో గానీ, కాలేజీలో గానీ, జిరాక్సు సెంటర్లో గానీ మిషిన్ మొరాయిస్తే ఫోను అతనికే. అతని చేతి మీద ఊరికి అంత నమ్మకం.

నోరంటే మాత్రం భయం. కంప్యూటర్ తనంతట తాను మెల్లబడదని, వాడేవాళ్ల నిర్లక్ష్యమే దాన్ని మెల్లగా చేస్తుందని అతని సిద్ధాంతం. నా లాప్‌టాప్ తెరిచి, తెర నిండా పరిచిన మనుమరాలి ఫొటోలు చూసి, "గిదేంది సారు, కంప్యూటరా, పెండ్లి పందిరా?" అన్నాడొకసారి. కీబోర్డును తిరగేసి దులిపి, రాలిన అటుకులను కాగితంలో పొట్లం కట్టి, "గివి గూడ ఇంటికి కొంచవోన్రి" అన్నాడు. చదువు చెప్పినవాణ్ని, ఒళ్లు మండదా? వాదనకు దిగాను.

"ఏడాదికోసారి కొత్త సిస్టమ్ అని పెద్దపెద్దవి ఎక్కిస్తారు. పాత మిషిన్ మోయలేక ఆయాసపడుతుంది. అందులో నా తప్పేముంది?"

"బర్రె పాలు తక్కువిస్తే బర్రెను తిడతమా సారు? మేపేటోన్ని తిడతం."

"బర్రెకు వయసు రాదా మరి?"

"మిషిన్‌కు వయసేంది? సక్కగ వాడుకుంటే గది ఎప్పటిలెక్కనే ఉంటది. మిషిన్ ఖరాబు కాదు సారు, మనిషే ఖరాబు జేస్తడు."

ఆ మాట ఊరంతా పాకింది. ఎక్కడ కంప్యూటర్ మెల్లబడినా అధికారులు ప్రేమ్‌సింగ్ మాటనే వల్లించి, దాని ముందు కూర్చున్నవాళ్ల మీద పడేవారు. అది ఎంత దూరం పోతుందో అతనూ ఆలోచించలేదు, నేనూ ఆలోచించలేదు.

ఇక్కడ ఒక ప్రైవేటు కాలేజీ ఉంది. పేరెందుకులెండి. అందులో ప్రవళిక అనే అమ్మాయి నాలుగేళ్లుగా కంప్యూటర్ ఆపరేటర్. మొన్న పరీక్షల వివరాలు పంపే చివరి రోజున ఆఫీసు కంప్యూటర్ ఎంతకూ కదలక, ముప్పై ఏడుమంది పిల్లల పేర్లు ఆగిపోయాయి. ప్రిన్సిపాల్ సురేందర్ పరుగులు పెట్టి, బతిమాలుకుని ఎట్లాగో ఎక్కించాడు గానీ కాలేజీ నడిపే కమిటీ మండిపడింది. ఆ అమ్మాయి అజాగ్రత్త వల్లనే మిషిన్ అట్లా తయారైందని, తీసేయాలని కూర్చుంది. ప్రేమ్‌సింగ్ మిషిన్ చూసి కారణం కాగితం మీద రాసియ్యాలి, సోమవారం దాన్ని బట్టి నిర్ణయం. ప్రేమ్‌సింగ్ ఏం రాస్తాడో ఊళ్లో తెలియనిదెవరికి?

శుక్రవారం మధ్యాహ్నం ప్రవళికే ఆటోలో మిషిన్ తెచ్చి బల్ల మీద పెట్టింది. దాని పక్కన ఒక పొడుగు నోటుబుక్కు పెట్టింది.

"అన్నా, చూసి రాయి. చూడకుంట మాత్రం రాయకు" అంది.

"చూడకుంట ఎట్ల రాస్త చెల్లె? పో, సోమారం తెలుస్తది" అన్నాడు ప్రేమ్‌సింగ్. ఆ అమ్మాయి నోటుబుక్కును అతని వైపు జరిపి వెళ్లిపోయింది.

ప్రేమ్‌సింగ్ చేతులు రుద్దుకుని వెతుకులాట మొదలుపెట్టాడు. పాటల కోసం వెతికాడు, లేవు. సినిమాలు, ఆటలు, ఎవరి పెళ్లి వీడియోలో, ఏవీ లేవు. ఏ ఏడాది కాగితాలు ఆ ఏడాది అరలో, పేర్లు పెట్టి సర్ది ఉన్నాయి. మూత ఊడదీస్తే దుమ్ము కూడా లేదు. అతని ముఖం చూడాలి అప్పుడు! తిట్టడానికేమీ దొరకని మనిషి ముఖం అంత దీనంగా ఉంటుందని నాకు తెలియదు.

చివరికి ఆ నోటుబుక్కు నేను తెరిచాను. రోజుకొక గీత. తారీఖు, మిషిన్ ఆన్ చేసిన టైము, పని మొదలుపెట్టగలిగిన టైము, చివర "నేను చేసింది" అని ఒక గడి. నాలుగేళ్ల కింద ప్రేమ్‌సింగ్ ఆమెను తిడుతూ, "నువ్వేం జేస్తున్నవో రోజు రాసుకో, నీ తప్పు నీకే దొరుకుతది" అన్నాడట. మొదటి పేజీలో అదే రాసి ఉంది. ఆ పిల్ల నిజంగానే రోజూ రాసుకుంది. "పెన్‌డ్రైవ్ పెట్టలేదు." "ఏదీ ముట్టుకోలేదు." "మౌస్ మెల్లగా కదిపాను." ఒకచోట, "నేను ఏం చేశానో తెలియడం లేదు."

పైకి చదవడం మానేసి పుస్తకం అతని ముందుకు తోశాను.

ప్రేమ్‌సింగ్ చాలాసేపు పేజీలు తిప్పాడు. తర్వాత టైములు మాత్రమే ఒక చీటీ మీద ఎక్కించసాగాడు. మొదట్లో రెండు నిమిషాలు. ఆ ఏటి దసరా తర్వాత మూడు. రెండో దసరా తర్వాత ఆరు. మూడో దసరా దాటాక పది. మొన్నటి దసరా తర్వాత పదిహేడు. మధ్యలో నెలల తరబడి పెద్దగా తేడా లేదు, పండుగ దాటగానే ఒక్కసారిగా పెరిగింది.

"దసరాకు ఏమైతది?" అన్నాను.

"నేను వోత సారు" అన్నాడు.

మా వైపు దసరాకు బండికి, నాగలికి పూజ చేసినట్టే ఆఫీసుల్లో కంప్యూటర్లకు కూడా చేస్తారు. పసుపు కుంకుమ పెట్టేముందు ప్రేమ్‌సింగ్‌ను పిలిచి మిషిన్లు తుడిపిస్తారు. అతను తుడిచి ఊరికే రాడు. వైరస్ రాకుండా కాపలా కాసే ప్రోగ్రాము, ఆ ఏడాది దేనికి మంచి పేరుంటే దాన్ని, పండుగ కానుకగా ఎక్కించి వస్తాడు.

"పాతది తీసేసి గదా కొత్తది ఎక్కించాలి?"

"తీయబుద్ధి గాలె సారు" అని తల గోక్కున్నాడు. "చిన్నప్పుడు నాకు జరమొచ్చినప్పుడల్లా మా యాడి ఒక తాయెత్తు గట్టేది. పాతది ఇప్పకపోయేది. గిన్నొద్దులు కాపాడినదాన్ని ఎట్ల ఇప్పుతం అనేది. నా మెడల ఏడు ఉండె. గదే బుద్ధి నాకూ ఒచ్చినట్టుంది."

యాడి అంటే తండా మాటలో అమ్మ. రుక్కి అనే ఆ పెద్దావిడను నేనెరుగుదును, తాయెత్తుల సంగతిలో ఆమె మాటకు తిరుగులేదు. పిల్లవాడి మెడకు ఏడు బరువు కాలేదు గానీ ఈ మిషిన్‌కు నాలుగు బరువయ్యాయి. ఏ కాగితం తెరిచినా నలుగురు కాపలావాళ్లూ ఒకరి తర్వాత ఒకరు సోదా చేసి, ఆ తర్వాత ఒకరినొకరు కూడా సోదా చేసుకుంటున్నారు. ఇక పని చేసేదెవరు?

మూడింటిని తీసేసి ఒకటి ఉంచి, మళ్లీ ఆన్ చేశాడు. నేను గడియారం పట్టుకున్నాను. మూడు నిమిషాల పది సెకన్లు.

"నేనన్నట్టు కొత్త సిస్టమ్ బరువు కూడా కొంత ఉండదా?" అన్నాను, ఆశ చావక.

"ఉంటది సారు, గా పది సెకండ్లు మీయి" అన్నాడు.

ఇద్దరం నవ్వాం. కానీ కాగితం రాయాల్సి వచ్చేసరికి అతను వెనకాడాడు. నాకు అతని మీద ప్రేమ ఉంది కాబట్టి చెప్పకూడని సలహా చెప్పాను. "మిషిన్ పాతదై మెల్లబడిందని రాసెయ్. ఆ పిల్ల నౌకరీ ఉంటది, నీ పేరూ ఉంటది."

"మిగిలిన మిషిన్లు, సారు? ఊళ్లె ఇసొంటియి ఇంక పద్నాలుగున్నయి. వాటి ముంగట కూసున్నోళ్లను గూడ నా మాట జెప్పే తిడతాండ్రు గదా."

అని, పెన్ను నొక్కిపట్టి రాశాడు. ఏ దసరాకు ఏది ఎక్కించాడో వరుసగా పెట్టి, "ఈ కంప్యూటర్ మెల్లబడడానికి కారణం నేను" అని కింద సంతకం చేశాడు.

సోమవారం సురేందర్ ఆ కాగితాన్ని కమిటీలో చదివాడట. ఒకాయన నవ్వాడట, ఒకాయన ఇంకో మెకానిక్‌ను చూద్దామన్నాడట. ప్రవళిక ఉద్యోగం మాత్రం ఉంది. సాయంత్రం దుకాణానికి వచ్చింది. చేతిలో ఆ కాగితమే ఉంది, ప్రిన్సిపాల్‌ను అడిగి తెచ్చుకుందట.

"కొలువు ఉన్నది గదా చెల్లె, ఇంక ఇదెందుకు?" అన్నాడు ప్రేమ్‌సింగ్, తలెత్తకుండా.

"ఇంట్ల చూపియ్యాలె అన్నా. నా చేతులే మంచియి గావని మా అత్తమ్మ అనవట్టి నాలుగేండ్లాయె. ఇనీ ఇనీ నేను గూడ గట్లనే అనుకున్న." కాగితం బల్ల మీద పరిచింది. "నీ తప్పని రాసినవ్. నా తప్పు లేదని రాయలే."

ప్రేమ్‌సింగ్ పెన్ను తీసుకుని, తన సంతకం కింద మిగిలిన జాగాలో, పెద్ద అక్షరాలతో రాశాడు: "ప్రవళిక తప్పు లేదు. నాలుగేళ్లలో ఒక్కరోజు కూడా లేదు."