మామను చెరువులోకి దింపిన బండ

ఒక మనిషి తన వ్యాపారాన్ని తానే, పట్టపగలు, అత్తగారింటి వాళ్ళందరి ఎదుట నీళ్ళలో ముంచుకోవడం ఎలాగో తెలుసుకోవాలని మీకెప్పుడైనా అనిపించిందా? అయితే జర కూర్చోండి. నేను చేసి చూసినవాణ్ణి.

పదిహేనేళ్ళ కిందటి మాట. తాండూరులో నాకు బండల పాలిష్ యూనిట్ ఉండేది. యూనిట్ అంటే ఒక రేకుల షెడ్డు, ఒక మిషన్, దాని మోతకు సగం చెవుడొచ్చిన నేను. నా పాలిష్‌కు సాటి లేదని ఊరంతా చెప్పుకునేది. ఊరంతా అంటే ముఖ్యంగా నేనే.

ఆ రోజుల్లో మా మామ బీరయ్య దౌల్తాబాద్ దగ్గర కొత్త ఇల్లు కడుతున్నాడు. మంద నిండా గొర్రెలున్న ఆసామి. గొర్రెలతో ఎంతసేపైనా మాట్లాడతాడు, మనుషులతో మాత్రం పొదుపు. ఆ ఇంట్లో గడప నుంచి వంటింటి దాకా నా బండలే పరవాలని నా కోరిక. టైల్స్ వేయించాలని బామ్మర్ది మల్లేశు పంతం. సొంత మామే నా బండ వద్దంటే ఇక తాండూరులో నా షెడ్డు గడప ఎవడు తొక్కుతాడు? అదీ నా పరేషాన్.

ఒక ఆదివారం అందరం కోట్‌పల్లి చెరువుకు పోదామనుకున్నాం. బండలా, టైల్సా అన్నది అక్కడే తేలుస్తానన్నాడు మామ. నేను ట్రాలీ ఆటోలో పులిహోర గిన్నెల పక్కనే మూడు రోజులు పాలిష్ పట్టిన నీలం బండనొకదాన్ని ఎక్కించాను. దాన్ని నలుగురం మోశాం. మా ఆవిడ సుజాత కాసేపు చూసి, "మనం తానానికి పోతున్నమా, ఇంటికి ముగ్గు పోస్తందుకు పోతున్నమా?" అంది.

చెరువు ఒడ్డున జనం హాయిగా ఈత కొడుతున్నారు. నీళ్ళకూ మనకూ మధ్య మాత్రం చీలమండ లోతు నల్లబురద. అందులో కాలు పెట్టనని అత్తమ్మ గట్టు మీదే కూర్చుంది. నా అదృష్టానికి అంతకంటే మంచి దారి దొరుకుతుందా? బండను ఏటవాలుగా, సగం నీళ్ళలో సగం ఒడ్డున, మెట్టులా వేశాను.

తడి తగిలే చోట గరుకు వైపు పైకి ఉండాలని తాండూరులో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. స్నానాల గదికి బండలు కొనేవాళ్ళకు నేనే వందసార్లు చెప్పాను. కానీ గరుకు వైపు పైకేస్తే మూడు రోజుల నా పనితనం బురదలోకి చూస్తుంది కదా. అందుకని నున్నటి వైపే పైకేశాను.

"బావా, గా బండ జారుతది," అన్నాడు మల్లేశు.

"గిది నీ టైల్ కాదు. ఏనుగు నడిచినా జారది. ఫికర్ చెయ్యకు, అత్తమ్మా, రా."

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమన్నారు పెద్దలు. ఆ పెద్దలెవరూ నా బండ మీద నడిచినవాళ్ళు కాదు.

అత్తమ్మ కుడికాలు పెట్టింది. ఎడమకాలు పెట్టే అవసరం రాలేదు. డిపోలోంచి బయల్దేరిన బస్సులా నిదానంగా మొదలై, మొదటి స్టాపైన చెరువులోనే ఆగింది. పట్టుకోబోయి నేను, నన్ను పట్టుకుని మల్లేశు, మా ఇద్దరినీ తిడుతూ సుజాత, వరుసగా దిగిపోయాం. చివరికి మమ్మల్ని లాగడానికి మామ గొర్రెల కర్ర చాచి వచ్చాడు. ఆయన మాత్రం మాలా పడలేదు. నిలబడే జారాడు. తలపాగా చెదరకుండా, కర్ర వదలకుండా, ఊరేగింపులో దేవుడిలా వచ్చి మా మధ్య ఆగాడు.

మోకాళ్ళ లోతే కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. చుట్టుపక్కల ఈత కొట్టేవాళ్ళు మాత్రం ఈత మానేశారు.

"అల్లుడా, ఇల్లంత గివే పరుస్తవా?" అని నెమ్మదిగా అడిగింది అత్తమ్మ.

మామ వంగి బండ అంచు కింద చెయ్యి పెట్టి, గరుకు వైపును చాలాసేపు నిమిరాడు. గొర్రెను కొనే ముందు వీపు నిమిరేది కూడా అలాగే.

"మల్లేశు, టైల్స్ వద్దు," అన్నాడు. "అల్లుని బండలే ఏపిద్దం."

నాకు నీళ్ళలోనే ఎగరాలనిపించింది.

"గాని అన్ని బోర్ల పరువాలె. నున్నటి దిక్కు కిందికి."

అన్నట్టే ఇల్లంతా బోర్లా పరిపించాడు. నా జీవితంలో నేను పట్టిన అతి గొప్ప పాలిష్‌లో పదిహేనేళ్ళుగా దౌల్తాబాద్ వానపాములు ముఖం చూసుకుంటున్నాయి.

కాబట్టి పాఠకుల సాక్షిగా, పులిహోర మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఇక ఏ చెరువుకు పోయినా బురదను బురదగానే ఉండనిస్తాను. అత్తగారి పాదాలకూ దానికీ మధ్య నా ప్రతిభను అడ్డం పెట్టను.