మా చెల్లి దవడపన్ను, నా లెక్క

ఆ రోజుల్లో మా ఇంట్లో పిల్లల నోళ్ల నుంచి పోయినవన్నీ కూడితే నలభై రెండు పళ్లు. నావి ఇరవై పాలపళ్లు, మా చెల్లివి ఇరవై, ఆ పైన ఇద్దరికీ ఎడమ కింది దవడలో చెరొకటి. మొదటి నలభైకీ బదులు వచ్చాయి. చివరి రెండింటి దగ్గరే నా లెక్క తప్పింది. (లెక్కల్లో నాకు గురువెవరూ లేరు. చదువు పదో తరగతితో ఆగింది గానీ, కంటబడ్డవాటిని లెక్కపెట్టడం ఆగలేదు.)

నాకు తొమ్మిదేళ్లప్పుడు ఆ దవడపన్ను పుచ్చి బుగ్గ బూరెలా వాచింది. ఇంట్లో అందరూ దాన్ని పాలపన్నే అనుకున్నారు. ఆరో ఏట, ముందు ఏ పన్నూ ఊడకుండానే అన్నిటికీ వెనక మొలిచే పన్ను అది. ఒకటి ఊడాక వచ్చేదే అసలు పన్నని మా వాళ్ల నమ్మకం. రాజాం తీసుకెళ్లి పీకించి, కాగితంలో చుట్టి తెచ్చారు. నానమ్మ దాన్ని పేడముద్దలో పెట్టబోతూ ఆగింది.

"ఇదేట్రా, దీనికిన్ని యేర్లున్నాయి? సెట్టు పీకినట్టున్నాది."

అనుమానం వచ్చినా ఆచారం ఆగదు కదా, ఇంటి మీదకి విసిరింది. పెంకుల మీంచి రెండుసార్లు దొర్లి కిందికొచ్చింది. మూడోసారి నిలిచింది. "నీలాగే మొండిది. సూస్తండు, కొత్తది వస్తాది" అంది.

మర్నాటి నుంచి పాత నోటుబుక్కులో రోజుకో గీత గీశాను. ముందుపన్నుకి తొంభై రోజులు పట్టింది కాబట్టి దీనికి రెట్టింపు పడుతుందనుకున్నాను. రెట్టింపు దాటింది, ఏడాది దాటింది, బడిలో రెండు తరగతులు దాటాయి. వెయ్యీ ఎనభై నాలుగో రోజున, ఖాళీ అయిన ఆ చోటనే, నాలుకకి గరుగ్గా ఏదో తగిలింది. ఆ వారమంతా నోరు తెరిచి ఊరికి చూపించాను.

అక్కడితో ఆగి ఉంటే ఇది నా ఒక్కడి గొప్పగా మిగిలేది. నాకు పదిహేనేళ్లు వచ్చేసరికి, పదమూడేళ్ల చెల్లికి అదే పన్ను పుచ్చింది. డాక్టరు బాగుచేస్తానన్నాడు, నాలుగుసార్లు రావాలన్నాడు. పీకితే మళ్లీ రాదని కూడా చెప్పాడట. చెల్లి నా దగ్గరికొచ్చింది.

"అన్నియ్యా, నిజంగా వస్తాదా? రాకపోతే నాను తేగ ఎలాగ నమల్ను?"

"ఒసే, నా నోట్లో ఉన్నాది కదే. డాక్టరు సూసింది నీ నోరు, నా నోరు సూళ్లేదు" అని గీతల పుస్తకం తెరిచాను. పుస్తకం చూశాక ఇంట్లో ఎవరూ ఎదురు చెప్పలేదు. పన్ను పీకించుకుని వచ్చిన చెల్లికి కొత్తది వచ్చే తేదీ కూడా రాసిచ్చాను.

ఆ తేదీన చెల్లి అద్దం ముందు నోరు తెరిచి చాలాసేపు నిలబడింది. చోటు ఖాళీగానే ఉంది. వెనకపన్ను మాత్రం ఆ ఖాళీలోకి ఒరిగింది, పైపన్ను కాస్త కిందికి దిగింది. అప్పుడు నేను వెళ్లి నా నోరు మొదటిసారి సాంతం లెక్కపెట్టుకున్నాను. కింద కుడివైపు ఏడు, ఎడమవైపు ఆరు. నాకు వచ్చింది కొత్త పన్ను కాదు, వెనక రావలసిన పన్నే. వెయ్యి రోజుల పైగా గీతలు గీసినవాణ్ని, ఏడు దాకా లెక్కపెట్టలేదు.

ఈమధ్య చెల్లిని విజయనగరంలో పళ్ల డాక్టరమ్మకి చూపించాను. ఆవిడ విడమర్చి చెప్పింది. తొమ్మిదేళ్లప్పుడు వెనకపన్ను ఇంకా చిగురు లోపలే ఉంటుంది, ముందుది తీసేస్తే జరిగి వచ్చి ఆ చోటు పట్టుకోవచ్చు. అందరికీ అలా జరగదట. పదమూడేళ్లకి అది పైకొచ్చి వేళ్లు దిగేసుకుంటుంది, ఇక ఒరుగుతుంది గానీ సరిగ్గా జరగదు. ఒకే పన్ను, ఒకే దవడ. తేడా అంతా వయసులోనే ఉంది. నేను రోజులు లెక్కపెట్టాను గానీ, ఏళ్లు లెక్కలోకి తీసుకోలేదు.

ఇంటికొస్తూ బస్సులో చెల్లితో అన్నాను, "నా మాట ఇని పాడయ్యావు."

"నువ్వు అబద్ధం సెప్పలేదన్నియ్యా. నీకొచ్చింది, నాకూ వస్తాదనుకున్నావు" అంది, కిటికీలోంచి చూస్తూ. తర్వాత తనే, "ఆ తేదీ దాటి ఇప్పటికెన్ని రోజులైందేటి?" అంది.

నోటిలెక్క నాకు అలవాటే. లీపు సంవత్సరాలు కలిపి చూసుకుని చెప్పాను: పదివేల తొమ్మిది వందల అరవై ఒకటి.