వేరే టంబ్లర్

కరోనాకు ముందటి సంవత్సరం. కోయంబత్తూరులో నేను ఎక్స్-రే టెక్నీషియన్‌గా పనిచేసే ఆసుపత్రి కింది అంతస్తులో కిటికీలు లేని గది ఒకటి ఉంది. తలుపు మీద ఫ్లోరోస్కోపీ అని రాసి ఉంటుంది. మామూలు ఎక్స్-రే ఫోటో అయితే ఇది సినిమా. కాలి కింద పెడల్ నొక్కినంతసేపూ కిరణాలు మనిషి గుండా పోతుంటాయి, లోపల కదిలేదంతా తెర మీద కదులుతూ కనిపిస్తుంది. గుండె రక్తనాళాల్లోకి సన్నటి గొట్టం పంపాలన్నా, విరిగిన ఎముక సరిగ్గా కూర్చుందో లేదో చూడాలన్నా, పేగుల్లో అడ్డం ఎక్కడుందో వెతకాలన్నా డాక్టర్లకు ఇదే ఆధారం. నాకు పని నేర్పిన సీనియర్ తన గురువు రోజుల సంగతి చెప్పేవాడు. అప్పట్లో కళ్ళు చీకటికి అలవాటు పడేందుకు ముందునుంచే ఎర్ర కళ్ళద్దాలు పెట్టుకుని, చీకటి గదిలో ఆకుపచ్చగా మిణుకుమనే తెర ముందు నిలబడి చూసేవారట. కిరణాలు తిన్నగా వాళ్ళ మొహానికే తగిలేవి. తరవాత బొమ్మకు వెలుతురు పెంచి టీవీలో చూపే యంత్రాలొచ్చాయి. ఇప్పుడంతా డిజిటల్, కిరణాలూ తక్కువ, రికార్డు చేసి నెమ్మదిగా తిప్పి చూసుకోవచ్చు. ఇన్ని మారినా కిరణాలు తగలకుండా మేం తొడుక్కునే సీసం ఏప్రన్ బరువు మాత్రం పెద్దగా తగ్గలేదు, నా నడుమును అడగండి చెబుతుంది.

తిరుమలసామి గారు కినత్తుకడవు పక్క కొబ్బరితోట రైతు, డెబ్బై దాటిన మనిషి. మా ఇంట్లోలాగే వాళ్ళకూ ఇంట తెలుగు, బయట తమిళం. పక్షవాతం వచ్చి, చెయ్యీ కాలూ చాలావరకు తిరిగొచ్చాయి గాని జ్వరం వదలడం లేదు. తగ్గినట్టే తగ్గి మళ్ళీ వస్తుంది, వచ్చినప్పుడల్లా ఊపిరితిత్తుల్లో నిమ్ము. తినేదో తాగేదో దారి తప్పి శ్వాసనాళంలోకి పోతోందని డాక్టర్ల అనుమానం. దాన్ని ఆస్పిరేషన్ అంటాం. అది నిజమైతే నోటితో తినడం, తాగడం మానిపించి పొట్టలోకి ట్యూబు వేయాలి. ఆయన భయమంతా ఆ ట్యూబే.

"అమ్మణీ, గొట్టం మటుకు వద్దని చెప్పు డాక్టర్‌కి," అన్నారు బల్ల పక్కన కూర్చోబెడుతుంటే. "మా అన్నకు పెట్టినారు. నోట్లో ఒక మెతుకు పడకుండానే పోయినాడు."

"ముందు చూడనీండయ్యా. ఇప్పుడే గొట్టం మాట ఎందుకు?" అన్నాను.

పరీక్ష ఇలా ఉంటుంది. బేరియం అనే సున్నపునీళ్ళలాంటి మందును నీళ్ళలో, పెరుగులో, మెత్తటి అన్నంలో కలిపి ఒక్కొక్కటే మింగిస్తాం. తెర మీద అది నల్లగా కనిపిస్తుంది, గొంతులో ఏ దారిన పోయిందీ తెలిసిపోతుంది. కప్పు అందిస్తే ఆయన దాన్ని పట్టుకుని అలాగే కూర్చున్నారు.

"దీన్ని ఎత్తి తాగనా?"

"వద్దయ్యా. నోరు ఆనించి కొంచెం కొంచెంగా తాగండి."

ఆయన భార్య రాజమ్మ వైపు చూశారు. "ఆసుపత్రి సామాను కదా, పోనీండి," అందావిడ. చేదుమందు మింగినట్టు మొహం పెట్టి తాగారు. ప్రతి గుక్కా సరైన దారినే దిగింది. మా రేడియాలజిస్టు డాక్టరమ్మ అంతా బాగుంది, ట్యూబు అక్కర్లేదని చెప్పేసరికి రాజమ్మ యంత్రానికే దండం పెట్టింది. నాకు నవ్వొచ్చింది.

నెల తిరక్కుండానే మళ్ళీ వచ్చారు. ఈసారి చక్రాల కుర్చీలో. బుగ్గలు పీక్కుపోయాయి. డాక్టరమ్మ పాత రికార్డింగు పెట్టుకుని చాలాసేపు చూసింది. ఎక్కడా తప్పులేదు. చివరికి రాజమ్మను పిలిచి, "ఇంట్లో నీళ్ళు ఎలా తాగుతారు?" అని తమిళంలో అడిగింది.

రాజమ్మ సంచిలోంచి ఇత్తడి చెంబు తీసింది. "అందరి మాదిరే. ఎత్తి," అంది, ఇదేం ప్రశ్న అన్నట్టు.

మా ఇళ్ళల్లో అందరికీ ఒకటే చెంబు. తల వెనక్కి వాల్చి, చెంబు పైకెత్తి, నోట్లోకి ధారగా పోసుకోవాలి. పెదవి తగిలితే ఎంగిలి. నేనూ అలాగే పెరిగినదాన్నే, అయినా ఆయన ఎత్తి తాగనా అని అడిగినప్పుడు కూడా ఇంట్లో ఎలా తాగుతారన్నది నాకు తట్టలేదు. ఆసుపత్రిలో కప్పు, ఇంట్లో చెంబు, ఎక్కడి పద్ధతి అక్కడే అన్నట్టు బతికాం.

డాక్టరమ్మ ఆ చెంబులోనే బేరియం కలపమంది. చెంబు చేతికి రాగానే పెద్దాయన మొహం తేటపడింది. దర్జాగా ఎత్తారు. నేను పెడల్ నొక్కాను. తల వెనక్కి వాలింది, ధార పడింది, ఊపిరి దారికి మూత పడేలోపే నల్లటి గీత ఒకటి శ్వాసనాళం వెంట జారి ఊపిరితిత్తుల వైపు దిగిపోయింది. ఆయన దగ్గలేదు. పక్షవాతం తరవాత కొందరికి అక్కడ స్పర్శ పోతుంది, దారి తప్పినా తెలియదు.

"ఇప్పుడు బాగా పోయిందా అమ్మణీ?" అని మూతి తుడుచుకుంటూ అడిగారు. నేను పెడల్ మీంచి కాలు తీసి డాక్టరమ్మ వైపు చూశాను.

నిజానికి కారణం దొరకడం మంచి కబురే. తల కిందికి వంచి, టంబ్లర్, అదే గ్లాసు, అంచుకు పెదవి ఆనించి చిన్న గుక్కలు తాగితే చాలు, ట్యూబు తప్పుతుంది. డాక్టరమ్మ తనే తాగి చూపించింది. రాజమ్మకు ప్రాణం లేచొచ్చింది.

"అంతే కదా తల్లీ. వారికని ఒక టంబ్లర్ వేరేగా పెట్టేస్తా," అంది.

పెద్దాయన తల ఎత్తలేదు. "వేరే టంబ్లరా," అన్నారు. తరవాత నాతో మెల్లగా, "మా తోటలో వేరే టంబ్లర్ ఎవురికి పెడతామో నీకు తెలుసు కదా అమ్మణీ. నువ్వు మనోళ్ళ పిల్లవే," అన్నారు.

తెలుసు. అవినాశి దగ్గర మా ఇంట్లోనూ ఆవులకొట్టం గోడ మీద ఒక అల్యూమినియం టంబ్లర్ బోర్లించి ఉండేది. పొలంలో పనిచేసే దళితులు దాంతోనే తాగాలి, వాళ్ళే కడిగి వాళ్ళే బోర్లించాలి. ఇంటి చెంబు వాళ్ళు ముట్టకూడదు. మా అమ్మ తనకు తగలకుండా పైనుంచి దాంట్లో నీళ్ళు పోసేది. ఆయన మాట వినగానే నాకు కోపమే ముందొచ్చింది, జాలి తరవాత.

"మందు మాదిరి అనుకోండయ్యా. గొట్టం కన్నా మేలు కదా," అన్నాను.

"మేలే," అన్నారు. "మేలే అమ్మణీ."

వర్షాకాలంలో రాజమ్మ ఒక్కతే మోకాలి ఎక్స్-రేకు వచ్చింది. నన్ను చూసి పక్కన కూర్చుంది. నేను అడగకముందే చెప్పింది.

"నా ఎదురుగా టంబ్లర్‌తోనే తాగేవారు. నేను అట్లా తిరిగితే చెంబు ఎత్తేది. నీళ్ళే కదా అని నేనూ గట్టిగా చెప్పలే. మళ్ళీ నిమ్ము వచ్చింది. ఐసీయూలో ఏ గొట్టం వద్దన్నారో అదే పెట్టినారు. దాంతోనే పోయినారు."

ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఇంకో చేత్తో కళ్ళు తుడుచుకుని, "టంబ్లర్ కొత్తది. పారెయ్య మనసు రాలే. కొట్టంలో బోర్లించి పెట్టినా, పనోళ్ళకు అయితాది," అంది.

అప్పటినుంచి బేరియం కలపకముందే ప్రతి రోగినీ అడుగుతున్నాను, ఇంట్లో నీళ్ళు ఎలా తాగుతారని. చెంబు తెచ్చుకోమంటాను. మా యంత్రం గొంతులో నీళ్ళు ఏ దారిన పోతాయో చూపిస్తుంది. ఆ పెద్దాయనకు దారి దొరికింది కూడా, చేతికందేంత దూరంలో. ఆ టంబ్లర్ మీద పెదవి పెట్టడం కన్నా చావడమే ఆయనకు తేలికైంది. ఇలాంటిది ఏ తెర మీదా పడదని ఆ కేసుతో తెలిసింది.

రాజమ్మ వచ్చి వెళ్ళిన సాయంత్రం ఇంటికి వెళ్ళి, వంటింట్లో టంబ్లర్‌లో నీళ్ళు పోసుకుని, పెదవి ఆనించి తాగాను. నాతోనే ఉంటున్న మా అమ్మ చూసింది. నేను కింద పెట్టగానే ఆ టంబ్లర్ తీసుకెళ్ళి పెరటి పంపు దగ్గర విడిగా బోర్లించింది.