తిరిగే తలుపులో పెద్ద ట్యూబా

ముహూర్తం దగ్గరపడ్డ పెళ్లికొడుకును అద్దాల మధ్య బంధించిన వాద్యకారుణ్ని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే నన్ను చూడండి.

మా హఫీజ్‌పేట్ బ్యాండులో ట్యూబా ఊదేది నేనే. ఒళ్లో పట్టుకుని ఊదితే నెత్తి మీద నోరు తెరిచి ‘భోం’ అనే ఇత్తడి వాయిద్యమది. పిట్ట కొంచెం కూత ఘనం అన్నారు పెద్దలు. నాకు మాత్రం పిట్ట కూడా ఘనంగా ఉండాలనిపించింది. వాయిద్యాల దుకాణం భాయ్‌ని బతిమాలి, ఒక్క పెళ్లికి ఊది చూస్తానని పెద్ద ట్యూబా తెచ్చాను.

మా ఆవిడ పద్మ ఎగాదిగా చూసింది.

“ఏంది గిది? నీళ్ల ట్యాంకు తెచ్చినవా?”

“ట్యూబానే. మస్తు మోగుతది.”

“నువ్వు దాన్ని మోస్తవా, అది నిన్ను మోస్తదా?”

మర్నాడు పెళ్లి గచ్చిబౌలిలో, పద్మ హౌస్‌కీపింగ్ చేసే హోటల్లోనే. పెళ్లికొడుకు ఊరేగింపు, అదే బరాత్, గుమ్మం దగ్గర ఆగాలి, మేమూ ఆగాలి. అది రివాజు. కానీ నా కొత్త ‘భోం’కి జనం తలలు తిప్పుతుంటే, ఆగడానికి నేనేమన్నా సిటీ బస్సునా? ఊదుకుంటూ తిరిగే అద్దాల తలుపులోకి దూరాను. నా వెనక అరలోకి పెళ్లికొడుకు దూరాడు.

తలుపు సగం తిరిగి ఆగిపోయింది. ట్యూబా మూతి ఒక అద్దానికి, నా వీపు ఇంకో అద్దానికి ఒత్తుకుపోయాయి. సీసాలో పెట్టిన ఆవకాయ ముక్కలా ఉన్నాను.

“అరే, ఊదుడు ఆపురా!” బయట నుంచి మా బ్యాండు మాస్టరు నర్సింలు మామ అరిచాడు.

“భయానికి ఆగుతలేదు మామా! భోం!”

లోపలి నుంచి పెళ్లికూతురి తండ్రి చేతులు జోడించాడు. “బాబూ, కాస్త పక్కకి జరగండి!”

“ఎటు జరగాలి సార్? ఇటు అద్దం, అటు అద్దం!”

“అంకుల్, నా ముహూర్తం...” వెనక అరలోంచి పెళ్లికొడుకు అద్దం తట్టాడు. పాపం, పిల్లవాడి తలపాగా కూడా వంకరపోయింది.

అప్పుడు పద్మ పరుగెత్తుకొచ్చింది. “ఫికర్ చెయ్యకు బిడ్డా. జర ఉల్టా నూకు!”

పెళ్లికొడుకు నూకాడు. తలుపు జానెడు వెనక్కి జరిగింది, అతను బయటపడ్డాడు. బార్లా తెరిచి ఉన్న పక్క తలుపులోంచి హాయిగా నడిచి లోపలికి వెళ్లాడు. అవును, పక్కనే మామూలు తలుపొకటి ఉంది!

నేను మాత్రం మళ్లీ బిగుసుకుపోయాను. తాళి కట్టడం అద్దంలోంచే చూశాను. పంతులుగారు “గట్టిమేళం!” అనగానే కడుపు నిండా ఊపిరి పీల్చి ఊదాను. సన్నాయివాళ్లు ఉలిక్కిపడ్డారు. పెళ్లికూతురు పకపకా నవ్వింది.

భోజనాలయ్యాక మెకానిక్కు వచ్చి విడిపించాడు. పద్మ నా నోట్లో లడ్డూ పెడుతుండగానే దుకాణం భాయ్ ఫోను. “ఎట్లుంది అన్నా? సైజు సరిపోయిందా?”

నా నోరు ఖాళీ లేదు. పద్మ ఫోను లాక్కుంది.

“ట్యూబా మంచిగనే ఉంది భాయ్. నీ దగ్గర పెద్ద తలుపులు గిట్ల ఉన్నయా?”

ఆ సాయంత్రమే దాన్ని తిరిగిచ్చేశాను. నా పాత ట్యూబా మీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను: ఇక ఈ జన్మలో పెళ్లికొడుకు కంటే ముందు ఏ పెళ్లిలోనూ లోపలికి అడుగుపెట్టను. భోజనానికి పిలిస్తే మాత్రం పక్క తలుపులోంచి వెళతాను.