మా మిద్దె మీద తొమ్మిదివందల బ్యాండు

మార్కాపురంలో మా వీధి ఫోన్లన్నీ ఒక్కసారిగా మూగబోయిన కథ మీరెక్కడైనా విని ఉంటే, అందులో విలన్ నేనే అయ్యుంటాను. నమ్మకండి. అది సగమే నిజం. మిగతా సగం నేను చెబుతాను, తీర్పు మీరే చెప్పండి.

మాది పలకల వ్యాపారం. ఇంటి గోడలూ పలకరాయివే, మూరెడు మందం. గడప దాటి లోపలికొస్తే ఫోన్ ప్రాణం వదిలేస్తుంది. మా అత్త కూడా మోకాళ్ల నొప్పులతో మిద్దె ఎక్కి మాట్లాడాల్సిందే. నేను ఎలక్ట్రానిక్స్ డిగ్రీ చదివి, సెల్ రిపేరు నేర్చుకుని ఈ ఇంటి కోడలినయ్యాను. ముందుగదిలో షాపు పెట్టుకుంటానంటే, అత్త ఆ గది తాళం బొడ్లో దోపుకుంది.

"నీ సదువుకు అంత పవరుంటే ముందు ఇంట్లోకి సిగ్నల్ తీసుకురా సరళా. తెచ్చిన రోజే గది నీది. తేలేకపోతే ఇంక ఆ గది ఊసెత్తొద్దు" అంది.

అంత మాటన్నాక ఊరుకుంటానా? సిగ్నల్ బ్యాండుల గురించి దొరికినదల్లా చదివేసి, అత్తకే పాఠం మొదలుపెట్టాను.

"అత్తా, దూరంగా ఊరేగింపు పోతుంటే నీకేం వినపడతాది?"

"డప్పు."

"మరి సన్నాయి?"

"దగ్గరకొస్తే గదా వినపడేది."

"అదీ! తక్కువ బ్యాండు డప్పు. దూరం పోతాది, గోడల్లో దూరతాది. ఎక్కువ బ్యాండు సన్నాయి. స్పీడెక్కువే గానీ గోడ అడ్డమొస్తే ఆగిపోతాది. మనకు కావాల్సింది డప్పులాంటి తొమ్మిదివందల బ్యాండు."

"డప్పో సన్నాయో, నాకు సిగ్నల్ కావాల."

ఆన్‌లైన్‌లో సిగ్నల్ పెంచే బూస్టర్ డబ్బా తెప్పించాను. ఒక యాంటెన్నా బయట టవర్ మాట వినడానికి, ఇంకోటి ఇంట్లో ఆ మాట పంచడానికి. రెండింటినీ దూరం దూరంగా పెట్టమని కాగితంలో రాశారు. వైరు పొట్టిది. కాగితాల్లో రాసినవన్నీ చేస్తే సంసారాలు సాగుతాయా చెప్పండి? మిద్దె మెట్ల తలుపుకు అటొకటి, ఇటొకటి కట్టేశాను.

స్విచ్ వేయగానే వంటింట్లో సిగ్నల్ ఫుల్లు! అత్త పొయ్యి దగ్గరే నిలబడి కంభం ఊళ్లో ఉన్న చెల్లెలితో కడుపు నిండా మాట్లాడింది. తర్వాత బొడ్లోంచి తాళం తీసి నా చేతిలో పెట్టింది. నాకు ఏనుగెక్కినంత సంబరమైంది.

షాపు తెరిచానో లేదో, జనం! ముందుగా వచ్చింది ఎదురింటి కాశయ్య మామ.

"సరళమ్మా, గీతలు నిండుగా ఉండాయి. ఫోన్ మాత్రం పోదు, రాదు. ఏంది ఈ ఖర్మ?"

విప్పాను, తుడిచాను, మూశాను. చేసి చూస్తే గణగణ మోగింది. మామ సంతోషంగా ఇంటికి పోయాడు, అంతలోనే తిరిగొచ్చాడు.

"నీ చేతిలో ఏందో మహిమ ఉందమ్మా. నీ షాపులో మోగుతాది, మా ఇంట్లో మోగదు!"

నిజమే కాబోలు అనుకున్నాను. పొగడ్త చెవిన పడ్డాక బుర్ర పనిచేస్తుందా ఎవరికైనా?

వీధిలో అందరి ఫోన్లకూ అదే జబ్బు. ఇది కచ్చితంగా టవర్ వాళ్ల పనేనని తేల్చేసి, జనాన్ని వెంటేసుకుని టవర్ కింద ధర్నాకు కూర్చున్నాను.

"పెద్ద జిల్లాను కోసి మనకు కొత్త జిల్లా కుట్టిచ్చినా మన పడమటోళ్ల బతుకు ఇంతేనా? మన తక్కువ బ్యాండును నొక్కేస్తున్నారు! న్యాయం కావాల!"

చప్పట్లే చప్పట్లు. మర్నాడే ఇద్దరు ఇంజనీర్లు చేపముల్లు లాంటి యాంటెన్నా పట్టుకుని వచ్చారు. దారి చూపిస్తూ ముందు నడిచింది ఎవరనుకున్నారు? నేనే. మా ఇంటి ముందుకు రాగానే వాళ్ల చేతిలోని మీటరు కీచుమని అరిచింది.

"సార్, ఇది మా ఇల్లు. ఇక్కడ సిగ్నల్ బ్రహ్మాండంగా ఉంది. అటు పదండి."

"ఉంటాది తల్లీ, ఎందుకుండదు" అంటూ పెద్ద ఇంజనీరు మిద్దె ఎక్కాడు. చంకలో పిల్లనుంచుకుని ఊరంతా వెతకడం పాత సామెత. నేను మిద్దె మీద డబ్బా పెట్టుకుని టవర్ కింద ధర్నా చేశాను.

"రెండు యాంటెన్నాలూ పక్కపక్కనే కట్టినావు. దీని అరుపు దీనికే తిరిగొచ్చి, టవర్ చెవిలో ఒకటే కేకలు పెడతాంది. ఇంక వీధిలో వాళ్ల మాట టవర్‌కేం వినపడతాది? అసలు పర్మిషన్ లేకుండా పెట్టడమే నేరం!" అన్నాడు ఇంజనీరు.

"అది సరే. బ్యాండు కరెక్టా కాదా? ముందది చెప్పండి!"

"బ్యాండు కరెక్టే."

"విన్నారా!" అన్నాను వీధి వైపు తిరిగి. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

"నా ఫోన్‌ను ఊరికే విప్పి విప్పి మూసినావు గదమ్మా!" అని కాశయ్య మామ లబోదిబోమన్నాడు.

డబ్బా పట్టుకుపోయారు. వీధంతా ఫోన్లు మోగడం మొదలైంది. మా ఇంట్లో సిగ్నలూ పోయింది, షాపులో జనమూ పోయారు. అత్త ముందుగది గుమ్మంలో వచ్చి నిలబడింది. తాళం కోసమేనని నేను నడుం బిగించాను.

"అత్తా, సిగ్నల్ తెమ్మన్నావు, తెచ్చినా. ఉంచమని నువ్వు అనలేదు. గది ఇచ్చేది లేదు!"

"గది ఎవరడిగినారే?" అత్త గిరాకీ లేని ఖాళీ బెంచీ వైపు దిగులుగా చూసింది. తర్వాత నా చెవి దగ్గరకొచ్చి గొంతు తగ్గించింది. "ఆ డబ్బా ఇంకొకటి దొరకదా? ఈసారి పక్కవీధిలో పెడదాం."

అందుకే మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. పర్మిషన్ లేని డబ్బాల జోలికి పోను, అత్త అడిగినా సరే. సొంత మిద్దె ఎక్కి చూడకుండా పరాయి టవర్ కింద ధర్నాకు కూర్చోను. షాపు మాత్రం, ఎవరేమనుకున్నా, ముయ్యను.