మొదటి కప్పు నాకు, రెండోది మామికి

మా కింది ఇంటి మామి పోయిన నెల ఒక మంగళవారం పొద్దున చనిపోయింది. ఎండ ఎక్కినా పాలప్యాకెట్టు గడప ముందే పడి ఉందని మా నాయన తలుపు కొట్టాడు. పలకకపోతే వీధిలో వాళ్లను పిలిచి తలుపు తీయించాడు. నిద్రలోనే పోయిందని డాక్టరు చెప్పాడట. నాయన పైకొచ్చి ఆ మాట చెప్పేటప్పటికి నేను కాలేజీకి జడ వేసుకుంటున్నాను. నాకు ముందు ఏడుపు రాలేదు. ఇంక ఎవరికీ తెలియదులే అన్న మాట ముందు వచ్చింది. ఏడుపు తర్వాత వచ్చింది. ఏది ముందు వచ్చిందో తల్చుకుంటే నాకు ఇప్పటికీ భయమేస్తుంది.

పదమూడో రోజు భోజనాల దగ్గర మామి కొడుకు వీధిలో అందరినీ అడిగారు, అమ్మ గురించి తలా ఒక పేజీ రాసిమ్మని, చిన్న పుస్తకం వేసి పంచుతానని. అందరూ మామి కాఫీ గురించి రాస్తారని నాకు తెలుసు. నేనూ కాఫీ గురించే రాస్తున్నాను. కానీ అది ఇంకో కాఫీ.

మామిది తమిళం మాట్లాడే ఇల్లు. పెళ్లయి తిరుపతికి వచ్చి ఇక్కడే ఉండిపోయింది. మామి ఇంట్లో ఇత్తడి ఫిల్టరులో దిగిన మొదటి డికాక్షన్, చిక్కటిది, ఇంటికొచ్చిన వాళ్లకు. అదే పొడి మీద మళ్లీ వేడినీళ్లు పోస్తే పలచగా దిగే రెండోది మామికి. భర్త ఉన్నప్పుడూ అంతే, ఆయన పోయి ఒక్కతే ఉన్నప్పుడూ అంతే. అడిగితే "నాకు అదే పడతాది" అనేది. గ్లాసు పెదవికి తగలకుండా ఎత్తి పోసుకుని తాగడం నాకు నేర్పించాలని చిన్నప్పుడు చాలా చూసింది. నేను యూనిఫామ్ మీదంతా పోసుకునేదాన్ని. "సొక్కాయికి సాలు, నోటికి గూడా కొంచెం పొయ్యి" అనేది.

ఇంటర్‌లో చేరాక నేను రోజుకు ఐదారుసార్లు కాఫీ తాగేదాన్ని. గుండె దడ మొదలైంది. నిద్ర పట్టేది కాదు. అమ్మ డాక్టరు దగ్గరికి తీసుకుపోతే ఆయన కాఫీ పూర్తిగా మానేయమన్నాడు. ఆ రోజే అమ్మ మా ఇంట్లో పొడి డబ్బా ఖాళీ చేసి కడిగి బోర్లించింది. అమ్మా నాయనా కూడా నాకోసం టీకి మారారు.

నేను మానలేదు. ఫోన్‌లో వీడియోలు చూసి, ఒక్క కప్పు కాఫీ చేసుకునే పింగాణీ గరాటు, దానిలో వేసే వడపోత కాగితాలు ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. అడ్రసు మామిది పెట్టాను. పార్శిల్ వచ్చిన రోజు మామి నన్ను పిలిచి, అమ్మకు తెలుసా అని అడిగింది. తెలుసు మామీ, పాలు లేకుండా తాగితే దడ రాదని డాక్టరే చెప్పాడు, అమ్మ ఒప్పుకుంది అన్నాను. అంత పెద్ద అబద్ధం ఒక్కచోట కూడా తడబడకుండా చెప్పాను. మామి నమ్మింది.

అమ్మ తిరుచానూరులో ఒక లాడ్జి రిసెప్షన్‌లో పని చేస్తుంది. ఆరు దాటితే గానీ రాదు. నేను నాలుగున్నరకు వచ్చేస్తాను. ఆ మధ్యలో మామి వంటింట్లో నా కాఫీ. గ్లాసు మీద గరాటు పెట్టి, అందులో కాగితం మడిచి, పొడి వేసేదాన్ని. సన్నగా నీళ్లు పోయడానికి నా దగ్గర కెటిల్ లేదు. మామి తన కొమ్ముచెంబు తెచ్చిచ్చింది. "అభిషేకం సేసినట్టు పొయ్యాల, గుండిగెడు గుమ్మరించినట్టు కాదు" అని తనే పోసి చూపించింది. ముందు పొడి తడిసేటంత పోసి ఆగాలి. పొడి మెల్లగా ఉబ్బి, బుడగలు లేచి, మళ్లీ కుంగేది. నేను వీడియోలో చెప్పినట్టు సెకన్లు లెక్కపెట్టేదాన్ని. మామి లెక్కపెట్టేది కాదు. వాసన చూసి, ఇంక పొయ్యి అనేది. రెండూ ఒకే సమయానికి వచ్చేవి.

పాలు లేని ఆ కాఫీ చూసి మామికి నవ్వు. జరమొచ్చినోళ్లు తాగే కషాయం ఇట్లనే ఉంటుందనేది. కానీ నేను కాగితం తీసి పారేయబోతే చెయ్యి పట్టుకుంది.

"రెండోది తీయవా?"

"ఇది ఒక్క కప్పుకే మామీ. రెండోది రాదు."

"రానిదేముంది? నీళ్లు పోస్తే అదే వస్తాది."

నిజంగానే మళ్లీ నీళ్లు పోసింది. గోధుమరంగు నీళ్లు దిగాయి. అందులో ఇన్ని పాలు, చక్కెర కలుపుకుని నా ఎదురుగా కూర్చుని తాగింది. ఆ రోజునుంచి మాకదే అలవాటయింది. నా కప్పు అయ్యాక, అదే పొడి మీద తన కప్పు. నాలుగు నెలలు అట్లా తాగాం. ఒక్కరోజు కూడా, మామీ ఈ రోజు మొదటిది మీరు తాగండి అని నేను అనలేదు. తోచనే లేదు. పెద్దవాళ్లు మనకు ఇచ్చేటప్పుడు వాళ్లకూ ఒకటి కావాలనిపిస్తుందని నాకు అప్పుడు తెలియదు.

మామి ఏదీ పారేసే మనిషి కాదు. తడి పొడి కరివేపాకు కుండీలో వేసేది. కాగితాలు చిరగకుండా కడిగి, మేడ మీద తన తీగకు క్లిప్పులు పెట్టి ఆరేసేది. మళ్లీ వాడొచ్చని. అది నాకు తెలియదు. నేను మేడ మీదికి పోయేదాన్ని కాదు.

ఒక ఆదివారం అమ్మ బట్టలు ఆరేయడానికి పోతూ నన్ను బకెట్ పట్టుకు రమ్మంది. పైన మామి వడియాలు తీస్తోంది. తీగ మీద కాఫీ రంగు కాగితాలు వరసగా ఏడో ఎనిమిదో గాలికి ఆడుతున్నాయి. అమ్మ ఒకటి పట్టుకుని చూసి, ఏంది మామీ ఇవి అని మామూలుగానే అడిగింది.

"పాప కాఫీ కాగితాలు గదమ్మా. ఒకసారికే పారేస్తా ఉంది. నేనే కడిగి ఆరేసినా."

అమ్మకు తెలుసనే అనుకుని, సంతోషంగా చెప్పింది. అమ్మ మొహం మారింది. పాప కాఫీ తాగతా ఉందా అని అడిగింది. అప్పుడు మామి నావైపు చూసింది. నేను బకెట్‌లోకి చూశాను.

మామి వడియాల చాట కింద పెట్టింది.

"నేనే ఇచ్చినానమ్మా. సదివి సదివి అలిసిపోయి వస్తా ఉండాది గదా అని నేనే బలవంతం సేసినా."

"డాక్టరు వద్దన్న సంగతి మీకు తెలుసు గదా?"

"తెలుసు."

మామికి తెలియదు. నేను చెప్పింది వేరే. అది మా ఇద్దరికే తెలుసు.

"మీ కడుపున పుట్టిన పిల్లయితే ఇచ్చుంటారా మామీ?" అంది అమ్మ.

మామి కాగితాలు ఒక్కొక్కటే క్లిప్పు తీసి చేతిలో పెట్టుకుని కిందికి దిగిపోయింది. నేను అమ్మకు తడి చీరలు అందిస్తూ నిలబడ్డాను. ఒక్క వాక్యం చెబితే సరిపోయేది. నేనే అబద్ధం చెప్పాను అని. మేడ దిగేటప్పుడు చెబుదామనుకున్నాను, అన్నం తినేటప్పుడు చెబుదామనుకున్నాను. తర్వాత రోజులు గడిచేకొద్దీ, ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదు అని అడుగుతారన్న భయం కూడా కలిసింది.

అమ్మ కింది ఇంటికి పోవడం మానేసింది. కూరగిన్నెలు పైకీ కిందికీ తిరగడం ఆగిపోయింది. నేను చెప్పులు చేతిలో పట్టుకుని మెట్లు దిగేదాన్ని, చప్పుడుకు మామి బయటికి వస్తుందేమోనని. మామి పోయేలోపు ఆ ఐదు వారాల్లో ఒక్కసారే ఎదురుపడింది, గేటు దగ్గర. పరీక్షలు ఎట్ల రాసినావు కన్నా అని అడిగింది. బాగా రాసినా అన్నాను. నా చెయ్యి పట్టుకోబోయి ఆగి, మా మెట్లవైపు చూసింది.

"సరే, పైకి పో. అమ్మ సూస్తే బాధపడతాది."

నాతో మామి మాట్లాడిన ఆఖరు మాట అది. నన్ను ఎందుకిట్లా చేశావని ఒక్కమాట అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

పదమూడో రోజు భోజనాల దగ్గరే, పక్కన కూర్చున్న వాళ్లతో అమ్మ అంటుంటే విన్నాను. మామి సానా మంచిది, నా బిడ్డ విషయంలోనే తప్పు సేసింది అని. అక్కడున్న వాళ్లు తల ఊపారు. మామి చేయని తప్పు, మామి పోయాక కూడా మామి పేరుమీదే ఉంది. అందుకే రాస్తున్నాను. మామి ఏ తప్పూ చేయలేదు. తప్పు నాది.

ఇక్కడిదాకా రాసి, పుస్తకానికి ఇచ్చే ముందు, నిన్న సాయంత్రం అమ్మ చేతిలో పెట్టాను. అమ్మ మంచం అంచున కూర్చుని చదివింది. మళ్లీ మొదటినుంచి చదివింది. తిడుతుందనుకున్నాను. ఒకే ఒక్కటి అడిగింది.

"నేను ఆ మాట అన్నప్పుడు, ఆమెకు నిజంగా ఏం తెలీదా?"

తెలీదమ్మా అన్నాను.

అమ్మ కాగితాలు మడిచి నాకే ఇచ్చేసింది. ఇచ్చెయ్, పుస్తకంలో వెయ్యనీ అంది. అన్నం వడ్డించేటప్పుడు నావైపు చూడలేదు.

ఈ రోజు పొద్దున కింద నీళ్ల చప్పుడైతే వరండాలోకి వచ్చి చూశాను. మామి కొడుకు మొన్ననే ఇంటికి తాళం వేసుకుని మద్రాసు వెళ్లిపోయారు. ఆ తాళం వేసిన తలుపు ముందు అమ్మ నీళ్లు చల్లి, వంగి ముగ్గు వేస్తోంది. మామి వేసే మెలికల ముగ్గు అమ్మకు రాదు. ఒక గీత వేసి, చూసి, చేత్తో చెరిపి, మళ్లీ వేస్తోంది. గడప దగ్గరికి వచ్చాక మాత్రం, లోపలినుంచి ఎవరో బయటికి వస్తే కాలు పెట్టడానికని, జానెడు చోటు ముగ్గు వేయకుండా వదిలిపెట్టింది.